ఎనిమిది మంది నిపుణులు, ఒక చేతుల కుర్చీ

ఆ ఇంట్లో చేతుల కుర్చీ ఒకటే ఉంది. పొద్దున్నే ఏకాంబరం అందులో కూర్చుని పేపరు చదువుతాడు. సరిగ్గా ఆ వేళకే అతని తల్లి కుప్పమ్మ అందులో కూర్చుని సంగటి తినాలి. కింద కూర్చుంటే ఆమెను లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి.

"లెయ్ రా. నీ మోకాళ్లు బాగానే ఉండాయి గదా."

"రెండు నిమిషాలుండు మా. ముఖ్యమైన వార్త."

"నిన్న గూడా ముఖ్యమైందే సదివినావు."

పన్నెండేళ్లుగా ఈ తగవులో ఎవరి వైపూ మాట్లాడని వసంతమ్మ, మొగుడికీ అత్తకూ ఒకేసారి కాఫీ అందించింది.

ఆరోజు ఏకాంబరం తనంతట తానే లేచాడు. అతను చిత్తూరు జిల్లా ఆరోగ్య కార్యాలయంలో సూపరింటెండెంటు. పేపరు మడిచి, గొంతు సవరించుకున్నాడు.

"వృద్ధుల వైద్యంలో డాక్టర్లకు ఉన్నత శిక్షణ. రాష్ట్రంలో ఇదే మొదలు. మంత్రిగారు ప్రకటించినారు. ఏర్పాట్లన్నీ నావే."

"అట్లయితే అత్త మోకాళ్లకు మంచి రోజులొచ్చినట్టే," అంది వసంతమ్మ.

"వాళ్లు నేర్సుకునే దాకా కుర్చీ నాకియ్యమను," అంది కుప్పమ్మ.

అదొక్కటే కుదరలేదు. వేదిక మీద మంత్రిగారికి చేతుల కుర్చీ కావలసి వచ్చింది. ఆఫీసులో ఉన్న ఒక్కటీ పెద్ద దొరగారిది. ఆయన దాన్ని వదలడు. సాయంత్రం నాలుగింటికి ప్యూను పెంచలయ్య ఇంటి కుర్చీని నెత్తిన పెట్టుకుని పోయాడు. మర్నాటికి దాని వీపు మీద తెల్ల రంగుతో పద్నాలుగు అని నంబరు పడింది. నంబరు పడిన వస్తువు ప్రభుత్వానిది. ఆ రోజు నుంచి కుప్పమ్మ వంటింటి కిటికీకి ఆనుకుని, నిలబడి తినసాగింది.

డాక్టర్ల ఎంపికలో ఏకాంబరం ఎవరి సిఫారసూ వినలేదు. సీనియారిటీ జాబితా తీసి, పైనుంచి ఎనిమిది పేర్లు రాసుకున్నాడు. ఇంత న్యాయంగా జిల్లాలో ఏ పనీ జరగలేదని అందరూ ఒప్పుకున్నారు. ఎనిమిది మందిలో చిన్నవాడికి యాభై ఆరేళ్లు. ముగ్గురు మెట్లు ఎక్కలేమంటే తరగతిని మేడ మీది నుంచి కిందికి దించారు. ఇద్దరికి వినపడకపోతే మైకు పెట్టించారు. మధ్యాహ్నం పాఠానికి మళ్లీ మైకు తీసేశారు, నిద్రాభంగం అవుతుందని.

"ఈ రాష్ట్రం నుంచి ముసలితనాన్ని తరిమేసే దాకా నేను నిద్రపోను," అన్నారు మంత్రిగారు ప్రారంభోత్సవంలో, పద్నాలుగో నంబరు కుర్చీలోంచి లేచి. అప్పటికే నిద్రపోయిన ఇద్దరు డాక్టర్లను పెంచలయ్య తట్టి లేపి, చప్పట్లు కొట్టించాడు.

రెండో వారం ప్రాక్టికల్సు వచ్చాయి. ఉత్తరువులో స్లైడ్లు, ఫ్యాన్లు, పూలదండలు అన్నీ మంజూరయ్యాయి గాని, ముసలివాళ్లు మంజూరు కాలేదు. ఏకాంబరం తల్లినే పిలిపించాడు. వసంతమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది.

డాక్టర్ బాలసుబ్రమణ్యం కుప్పమ్మ మోకాలు చూడడానికి కిందికి వంగాడు. మళ్లీ లేవలేకపోయాడు. వసంతమ్మ, పెంచలయ్య చెరొక రెక్క పట్టి లేపి, పద్నాలుగో నంబరులో కూర్చోబెట్టారు. కుప్పమ్మ నిలబడే ఉంది.

"ఏమప్పా, నీకూ మోకాళ్లేనా?"

"ఆరేండ్లయింది అవ్వా. నువ్వేం వాడతా ఉండావు?"

"వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టుకుంటా."

"ఎంతసేపు?"

"సల్లారే దాకా."

ఎనిమిది మందీ కళ్లద్దాలు తగిలించుకుని రాసుకున్నారు. ఒకాయన 'చల్లారే దాకా' కింద గీత కూడా గీశాడు.

"మరి నన్నెప్పుడు సూస్తారప్పా?"

"కోర్సు కానీ అవ్వా. మొట్టమొదట నిన్నే చూస్తాం."

కుప్పమ్మ ఇంటికి వచ్చి ఆ మాటను నలుగురికి చెప్పుకుంది. వసంతమ్మ మాత్రం వావిలాకు కోసుకురావడానికి పోయింది.

కోర్సు అయిన రోజున మంత్రిగారు మళ్లీ వచ్చి, జిల్లాకు ఎనిమిది మంది నిపుణులను అంకితం చేశారు. అదే మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఉత్తరువు దిగింది: పదవీ విరమణ వయసు యాభై ఎనిమిది కాదు, యాభై ఐదు. ఎనిమిది మందికీ సాయంత్రం అదే పందిట్లో వీడ్కోలు సభ జరిగింది. పొద్దుటి దండలు ఇంకా వాడలేదు గనక, ఏకాంబరం వాటినే మళ్లీ వేయించాడు.

పదిరోజులకు వృద్ధుల వార్డు తెరిచారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కిటికీకి ఆనుకుని నిలబడిన కుప్పమ్మ అడిగింది.

"వార్డు తెరిసినారంట గదా. నన్నెప్పుడు తీసకపోతావు?"

"ఎనిమిది మంచాలే మా. అన్నీ నిండిపోయినాయి."

"ఎవరొచ్చినారు?"

"మన డాక్టర్లే. సీనియారిటీ ప్రకారం చేర్చుకున్నాం."

"మరి వాళ్లను చూసేదెవరు?" అంది వసంతమ్మ, చారు పోస్తూ.

"రెండో బ్యాచికి జాబితా రాస్తా ఉండా గదా."

"పైనుంచేనా?"

"కిందనుంచి రాస్తే గొడవలు రావూ?"

కుప్పమ్మ పళ్లెం కిటికీలో పెట్టింది.

"నా కుర్చీ యాడుండాది?"

"వార్డులోనే. డాక్టరు కోసం వేయించినా. ఖాళీగానే ఉండాది."

"అయితే రేపట్నుంచి నేను ఆడ కూర్చుంటా. వసంతా, నా సంగటి ఆడికే తెచ్చియ్యి. వావిలాకు మాత్రం ఎక్కువ కోసుకురా. నాతో తొమ్మిది మందిమి."

ఏకాంబరం ముద్ద కలపడం ఆపాడు.

"నీకు వయసెంత మా?"

"డెబ్బై ఆరు."

"అట్లయితే ఎవరూ అభ్యంతరం చెప్పలేరు," అన్నాడు. "జాబితాలో అందరికన్నా పైన నువ్వే."