బల్ల కాలి కింద అంతర్జాతీయ ఆర్థిక శాస్త్రం

ఆ ఆదివారం పొద్దున్న కార్యదర్శిగారి పథకం చాలా చిన్నది. ఊగుతున్న భోజనాల బల్ల కాలి కింద ఏదైనా దోపి, ప్రశాంతంగా కాఫీ తాగాలి. పన్నెండు వాటాల ఆ భవనానికి ఆయన సంఘ కార్యదర్శి. తాళాలు, నోటీసులు, అనుమానాలు ఆయన శాఖలు.

భార్య పథకం వేరు. ఆవిడ దూరవిద్యలో భద్రతా నిర్వహణ చదువుతోంది, రహస్యంగా. ఇదివరకు రెండుసార్లు పరీక్ష తప్పినప్పుడు మొగుడు అన్ని తలుపులూ తట్టి మరీ చెప్పొచ్చాడు. ఇది ఆఖరి అవకాశం. పదకొండింటికి పరీక్షాధికారి వచ్చి, భవనంలో ఆవిడ కనిపెట్టిన లోపాలను కళ్ళారా చూసి మార్కులేస్తాడు. ఆ జాబితాను అచ్చు వేయించి, మొగుడు చచ్చినా తెరవని పుస్తకంలో దాచింది. తెరవడు సరే, కాలి కింద పెడతాడని ఎవరనుకున్నారు?

"ఏమే, ఈ లావు పుస్తకం ఎవరిదే? అంతర్జాతీయ ఆర్థిక శాస్త్రమట!"

"పైన వయొలిన్ మేష్టారిదండీ. చూసిస్తానని తెచ్చా," అని నోటికొచ్చింది చెప్పి స్నానానికి పరిగెత్తింది.

పుస్తకం బల్ల కాలి కిందికి తోస్తుంటే కాగితం జారింది. 'ఒకటి: కాపలాదారు పదింటి నుంచి పదకొండు దాకా నిద్ర. రెండు: వెనక గేటు గడియ చేత్తో లాగితే వస్తుంది. మూడు: ఎదురింటివాళ్ళ తాళంచెవి చెప్పుల స్టాండులో. నాలుగు, అన్నిటికన్నా పెద్ద లోపం: ఇంకా తేలలేదు.'

'దొంగతనానికి పథకం!' అనుకున్నారు కార్యదర్శిగారు. కిందికి దిగి కాపలాదారును కుదిపి లేపారు.

"నువ్వు పదింటికి నిద్రపోతావని పై మేష్టారికెలా తెలుసురా?"

"నిద్ర కాదండీ, కళ్ళు మూసుకుని కాపలా కాస్తున్నా!"

"ఆ మేష్టారొచ్చి మూడు నెలలైంది. ఒక్కరితోనైనా గొడవపడ్డాడా? మంచోడెవడైనా అంత మర్యాదగా ఉంటాడా? పైగా ఆ నల్లపెట్టె!"

అరగంటలో వెనక గేటుకు కొత్త తాళం పడింది. చెప్పుల స్టాండు ఇంట్లోకెళ్ళింది. తర్వాత కాపలాదారుతో సహా భవనమంతా మేష్టారి గుమ్మం ముందు మూగింది.

"పెట్టె తెరవండి మేష్టారూ!"

తెరిచారు. వయొలిన్.

"వాయించండి, చూద్దాం!"

పాపం, అంతమంది ముందు ఆయన తడబడ్డారు. కమాను కీచుమంది.

"చూశారా, రాదు!" అన్నారు కార్యదర్శిగారు విజయగర్వంతో.

ఈలోగా భార్య స్నానం చేసొచ్చి కిటికీల్లోంచి చూసింది. నిద్రపోయే కాపలాదారు లేడు! వెనక గేటుకు తాళం! స్టాండు మాయం! చూపించడానికి ఒక్క లోపమూ మిగల్లేదు. హాల్లోకొచ్చి కూలబడబోతే, ఆ కుర్చీలో అప్పటికే ఒక పొట్టి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"పరీక్షకొచ్చానమ్మా. తలుపు తీసే ఉంది."

ఆవిడ నోరు తెరిచేలోపు కార్యదర్శిగారు దిగొచ్చారు.

"ఎవరయ్యా నువ్వు? లోపలికెలా వచ్చావ్?"

"నడిచి."

"గేటు దగ్గర ఎవరూ ఆపలేదూ?"

"ఎవరూ లేరండీ. మెట్ల మీదా లేరు. ఆరిళ్ళ తలుపులు బార్లా తీసున్నాయి. మర్యాదగా ఉండదని నేనే దగ్గరికేసొచ్చా."

కార్యదర్శిగారి చేతిలో ఇంకా ఆ జాబితా కాగితం ఉంది. పరీక్షాధికారి దాన్ని మెల్లగా తీసుకుని చదివాడు.

"మొదటి మూడూ సరిచేసినట్టున్నారు. బాగుంది. మరి నాలుగోది తేలిందా అమ్మా?"

ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. కలం తీసి, 'ఇంకా తేలలేదు' కొట్టేసి, 'సంఘ కార్యదర్శి' అని రాసింది.

"నిరూపణ?"

"మీరు లోపలున్నారు కదండీ."

ఆవిడ తరగతిలో మొదటి స్థానంలో ప్యాసయింది. ఈసారి మాత్రం కార్యదర్శిగారు ఒక్క తలుపూ తట్టలేదు.