ఓట్లు వద్దన్న అభ్యర్థి

శనివారం ఉదయం నికాంద్రో వేసుకున్న పథకం చాలా చిన్నది. రొట్టె కొనాలి, కాఫీ తాగాలి, భోజనానికి ఇల్లు చేరాలి. బడిలో గంట కొట్టే ఉద్యోగికి సెలవురోజున అంతకుమించి ఆశలుండవు. కాఫీ బార్లో చిన్ననాటి స్నేహితుడు జెరార్దో పట్టుకున్నాడు. ఇటలీలోని మొలీజె ప్రాంతీయ ఎన్నికలకు అభ్యర్థుల జాబితాలివ్వడానికి ఆ మధ్యాహ్నం పన్నెండింటితో గడువు సరి. జెరార్దో పార్టీ జాబితాలో ఒక పేరు తక్కువైంది.

"పేరు చాలురా. ఓట్లేం అక్కర్లేదు. నువ్వు నిలబడ్డట్టు మీ ఆవిడక్కూడా తెలీదు," అన్నాడు జెరార్దో.

కాదనడం నికాంద్రోకి పుట్టుకతోనే చేతకాదు. సంతకం పెట్టాడు.

కొద్ది రోజులకు ఊరి గోడలమీద అభ్యర్థుల పేర్లంటించారు. ఎదుటి జాబితాలో అతని భార్య ఫిలొమేనా అన్న ఒత్తావియో ఉన్నాడు. ఆ పదవి కోసం ఇరవయ్యేళ్ళుగా ప్రతి పెళ్ళికీ, ప్రతి శవయాత్రకీ హాజరవుతున్న మనిషి.

"నా చేతి తిండి తిని మా అన్నయ్యమీదే నిలబడ్డావా?" అంది ఫిలొమేనా.

"ఒక్క ఓటు కూడా అడగను. నా ఓటూ మీ అన్నకే వేస్తా. సరేనా?"

"అడక్కపోతే చాలదు. ఇంటింటికీ వెళ్ళి వద్దని చెప్పు."

ఇల్లు నిలబడాలంటే వేరే దారి లేదు. నికాంద్రో బయల్దేరాడు. ఆ ఊళ్ళో ఓటు వద్దంటూ గుమ్మమెక్కిన అభ్యర్థిని ఎవరూ ఎరగరు.

"అడగట్లేదంటే నీకు పైన ఖాయమైపోయిందన్నమాట. మా అల్లుడి బదిలీ సంగతి మర్చిపోకు," అంది మాంసం కొట్టు దొనాతా.

"నేను గెలవను పిన్నీ."

"గెలిచేవాళ్ళే అలా అంటారు నాయనా."

అలా నమ్మనివాళ్ళు నమ్మకంతో తమ ఓటు అతనికే ఖాయం చేసుకున్నారు. నమ్మినవాళ్ళు జాలితో చేసుకున్నారు. ఆదివారం భోజనాల దగ్గర ఒత్తావియో ఫోర్కు కింద పెట్టాడు.

"ఇంటింటికీ తిరుగుతున్నావట, బావా."

"నీకు వెయ్యమనే తిరుగుతున్నా బావా."

"నేనూ ఇరవయ్యేళ్ళుగా ప్రజాసేవ కోసమే తిరుగుతున్నా," అని ఒత్తావియో పళ్ళెంలో కవతెల్లి పాస్తా వదిలేసి లేచిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం ఓట్లు లెక్కపెట్టారు. జెరార్దో జాబితాకు ఒక్క సీటు దక్కింది, ఆ జాబితాలో అందరికంటే ఎక్కువ ఓట్లు నికాంద్రోవి కాబట్టి అది అతనిదే. ఒత్తావియో ఓడిపోయాడు. నికాంద్రో వీధివాళ్ళు ఓటేసే కేంద్రంలో ఒత్తావియోకి వచ్చింది ఒకే ఒక్క ఓటు. దాన్ని స్వహస్తాలతో వేసింది నికాంద్రోనే. అతను భార్యవైపు తిరిగాడు.

"మరి నువ్వు..."

"నీ పేరు పక్కన సున్నా పడితే చూడలేననిపించింది. నోరెత్తావంటే చూడు," అని గొణిగింది ఫిలొమేనా.

అంతలో ఒత్తావియో వచ్చి చెల్లెలి భుజంమీద పడి ఏడ్చాడు. "ఊరంతా ముంచినా నువ్వొక్కదానివి నిలబడ్డావు చెల్లీ."

"తోడబుట్టినదాన్ని కదా అన్నయ్యా," అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

తర్వాత ఇద్దరూ కలిసి నికాంద్రో వంక చూశారు. నిజం చెబితే పెళ్ళాం ఉండదు, చెప్పకపోతే బంధువులుండరు. అంత ఒంటరితనం అతను జన్మలో ఎరగడు. తెరిచిన నోరు మూసేశాడు.

రాజధానిలో ప్రాంతీయ మండలివారు అతనికి ఐదేళ్ళపాటు కుర్చీ వేశారు. ఇంట్లో ఆదివారం భోజనాలకు వేయడం మానేశారు.