ప్రమాద రహిత రేవులో సన్యాసి చెయ్యి

ఈ ఏడాది ఫిజీలోని మా రాకిరాకి తీరంలో ఒక్క పడవ ప్రమాదం కూడా జరగబోదని సముద్ర భద్రతా మంత్రి గౌరవనీయులు రామ్ నారాయణగారు జనవరిలోనే ప్రకటించారు. రేడియోలో రెండుసార్లు చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయింది. సముద్రానికి ఆర్డరు వేసిన నాయకుడు ఇప్పటికి దొరికాడు.

మాట గాలికి పోకుండా మా రేవులో బోర్డు కూడా పెట్టించారు. 'ప్రమాద రహిత రేవు' అని. అక్షరాలు ఎంత పెద్దవంటే మూడో తరగతితో బడి మానేసిన నేను కూడా దూరం నుంచే చదివాను.

బోర్డు ప్రారంభోత్సవానికి నేను, నా భార్య తమ్ముడు సన్యాసి వెళ్లాం. చెరుకు కోతలు ఇంకా మొదలవలేదు, వేరే పని లేదు. సన్యాసి కోత గ్యాంగులో పేరున్నవాడు. కత్తి పట్టాడంటే వరసలో అందరికన్నా ముందుండేవాడు. మాట మాత్రం నాలాగే తక్కువ.

కార్యక్రమం ప్రకారం మంత్రిగారు పడవలో ఎదుటి దీవికి వెళ్లి క్షేమంగా తిరిగి రావాలి. భద్రత అంటే ఏమిటో ప్రజలకు చూపించడానికి. మమ్మల్ని ప్రజలుగా ఎక్కించుకున్నారు. లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి. ఒకటి మంత్రిగారు వేసుకున్నారు, రెండోది ఆయన కోటు తడవకుండా దాని మీద కప్పారు.

పడవ నడిపేవాడు సేరూ, ఫిజీవాడు. ముప్పై ఏళ్లుగా ఆ నీళ్ల మీదే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, వెంట వచ్చిన పేపరతను ఫోటో కావాలన్నాడు. పడవ చక్రం తనకిమ్మన్నారు మంత్రిగారు. మెల్లగా, సార్, మెల్లగా అన్నాడు సేరూ. దేశం ముందుకు పోతున్నప్పుడు మెల్లగా అనే మాట వాడకూడదని మంత్రిగారు అతనికి నేర్పారు.

సాయంత్రం కొట్టం చూసిన ఎద్దులా పడవ రేవు మీదికి పోయింది. గట్టు అంచున ఆడవాళ్లు పూలదండలతో నిలబడి ఉన్నారు. ముందు వైపున్న సన్యాసి పడవను పక్కకు నెట్టడానికి చెయ్యి చాపాడు. పడవ పక్కకు తిరిగింది. ఆడవాళ్లకు ఏమీ కాలేదు. బోర్డు కూడా కొంచెం ఊగి నిలబడింది. సన్యాసి కుడిచెయ్యి మాత్రం పడవకూ రేవుకూ మధ్య ఉండిపోయింది.

మంత్రిగారు అతన్ని దాటుకుని దిగి, చక్కటి ల్యాండింగ్ అన్నారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఆయన చిరునవ్వు బాగా పడింది. మూలన సన్యాసి చెప్పు కూడా పడింది.

ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి వంగవన్నారు. డాక్టరు మంచివాడు. కత్తి పట్టలేవు కాబట్టి నష్టపరిహారం అడుక్కో, దానికి ముందు పడవల ఆఫీసులో ప్రమాదం రిపోర్టు చెయ్యి, ఆ రిపోర్టు నంబరు లేకపోతే నీ క్లెయిము కాగితంతో పకోడీలు కట్టుకోవడమే అని విడమరిచి చెప్పాడు.

పడవల ఆఫీసు గుమస్తా సత్యేంద్ర మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, పెన్ను మూత తీసి మరీ అడిగాడు.

"ఎక్కడ జరిగింది కాకా?"

"రేవులో," అన్నాడు సన్యాసి.

"ఏ రేవు?"

"ప్రమాద రహిత రేవు."

"చూశారా, మీ నోటితో మీరే చెప్పారు," అని సత్యేంద్ర పెన్ను మూత పెట్టేశాడు.

తర్వాత జాలిపడి దారులు కూడా చూపించాడు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డానంటే వ్యవసాయం వాళ్లు రాసుకుంటారట, వరండా చివరి గది. కుక్క కరిచిందంటే ఆరోగ్యం వాళ్లు, మేడ మీద. పడవ అంటే మాత్రం కష్టం. మంత్రిగారు సున్నా అన్నారు, సన్యాసిని రాస్తే ఒకటి అవుతుంది. సున్నాకు ఒకటి ఎంత దూరమో పైవాళ్లకు తెలుసన్నాడు.

సన్యాసి కొబ్బరిచెట్టు ఎక్కలేదు. మర్నాడు వెళ్లి ఆఫీసులో వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. గొడవ చెయ్యలేదు. లైసెన్సు పనికి వచ్చినవాళ్లు చేతికి ఏమైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. వారం తిరిగేసరికి రాకిరాకిలో ఆ సంగతి తెలియనివాడు సత్యేంద్ర ఒక్కడే మిగిలాడు. మా అక్కలాంటి అమ్మణి పొలాల అవతలి నుంచి నడిచొచ్చి మరీ అదే బల్ల మీద కూర్చుని, తెలిసిన కథనే మళ్లీ మొదటినుంచి విని వెళ్లింది.

అప్పుడు మంత్రిగారి గొప్ప మనసు కదిలింది. స్వయంగా సన్యాసి ఇంటికి వచ్చారు. చేతిలో యంగోనా కట్ట, దంచి నీళ్లలో పిసికి తాగే మొక్క వేళ్లు.

మా దేశంలో ఇది మంచి పద్ధతి. తప్పు చేసినవాడు యంగోనా తెచ్చి, బాధపడినవాడి ముందు పెట్టి క్షమించమంటాడు. అవతలివాడు తీసుకుంటే మనసులో కోపం కడిగేసుకున్నట్టే. ఫిజీవాళ్ల పద్ధతి. మనవాళ్లు కూడా పాటిస్తారు, కుదిరినప్పుడు. పద్ధతి తప్పకూడదని మంత్రిగారు సేరూను కూడా పిలిపించారు. పేపరతను పిలవకుండానే వచ్చాడు. వాకిట్లో వాడంతా కూర్చుంది.

మంత్రిగారు చాప మీద వంగి, కట్ట ముందుకు జరిపారు.

"తీసుకో, సన్యాసి భాయి."

సన్యాసి చెయ్యి చాపలేదు.

"దేనికి సాబ్?"

"జరిగినదానికి."

"ఏం జరిగింది సాబ్?"

మంత్రిగారు సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ కాగితం వైపు చూశాడు. కాగితంలో ఏమీ లేదు.

"అంటే... ఏమీ జరగలేదు. ఆ జరగనిదానికే అనుకో."

"ఏమీ జరగనిదానికి మా ఇంట్లో టీ ఇస్తాం సాబ్. యంగోనా దాకా ఎందుకు?"

వాకిట్లో ఎవరో నవ్వి దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. సేరూ గొంతు సర్దుకున్నాడు.

"సార్, ఏం తప్పో నోటితో చెప్పాలి," అన్నాడు. "చెప్పకపోతే అది ఉత్త వేరు. బజార్లో చాలా దొరుకుతుంది."

మంత్రిగారికి చెమట పట్టింది. వెనక్కి తీసుకెళితే పరువు పోతుంది, ముందుకు పెడితే సున్నా పోతుంది. చాలాసేపు ఆలోచించారు. ఇంతసేపు ఆలోచించిన మంత్రిని నేను చూడలేదు. చివరికి చాపకు మాత్రమే వినపడేలా అన్నారు.

"నేను నడిపిన పడవ రేవును గుద్దింది. నీ చెయ్యి మధ్యలో నలిగింది. క్షమించు."

సన్యాసి ఎడమచేత్తో కట్ట అందుకున్నాడు. తీసుకున్నవాడు చప్పట్లు కొట్టాలి. అతనికి కొట్టడానికి ఒక చెయ్యే ఉంది. సేరూ లేచి వచ్చి తన అరచెయ్యి ముందు పెట్టాడు. సన్యాసి దాని మీద కొట్టాడు. చప్పుడు బాగానే వచ్చింది.

"ఇంకేం, అయిపోయింది," అన్నారు మంత్రిగారు తేలిగ్గా. "ఇక ఆ రిపోర్టూ అదీ అక్కర్లేదు కదా భాయి."

"కోపం పోయింది సాబ్," అన్నాడు సన్యాసి. "వేళ్లు రాలేదు. రిపోర్టు కావాలి."

పేపరతను రాసుకుంటున్నాడు. మంత్రిగారు అది చూశారు. రేపు పొద్దున్నే వెళ్లు, ఫోన్ చేసి చెబుతానన్నారు. మాట తప్పే మనిషి కాదు.

పొద్దున్నే వెళ్లాం. సత్యేంద్ర లేచి నిలబడ్డాడు. సన్యాసికీ నాకూ చెరో కుర్చీ వేశాడు.

"మంచి వార్త కాకా," అన్నాడు. "మీ ప్రమాదం జరిగిందట. రాజధాని సువా నుంచి ఫైలు వచ్చింది. పడవ గుద్దిన రోజు సాయంత్రమే అక్కడ రిపోర్టయింది. నంబరు కూడా వేశారు."

సన్యాసి మొహం విప్పారింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను అలా కనపడటం అదే మొదటిసారి. చదువు బాబూ అన్నాడు.

సత్యేంద్ర నిలబడే చదివాడు.

"గాయపడినవారు, గౌరవనీయులు రామ్ నారాయణ. గాయం, మెడ బెణుకు. క్లెయిము, మంజూరు."

ఆ మెడతోనే నిన్న చాప మీద అంతసేపు వంగి కూర్చున్నారు. ఎంత ఓర్పు!

"మరి నేను?" అన్నాడు సన్యాసి.

"పడవ ఒక్కసారే గుద్దింది కదా కాకా. ఒకసారికి ఒకటే రిపోర్టు. గాయపడినవారి గడి నిండిపోయింది." సత్యేంద్ర నిజంగానే బాధపడ్డాడు. కాగితం మీద వేలు కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. "ఆస్తి నష్టం గడి ఖాళీగా ఉంది. మీ చెయ్యి అందులో రాయనా? ఎంతోకొంత వస్తుంది."

కోతలు ఇంకో పదిహేను రోజుల్లో మొదలు. సన్యాసి కట్టుకట్టిన చెయ్యి ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

"రాయి," అన్నాడు.

"అందులో మళ్లీ రెండు గళ్లున్నాయి కాకా. పడవ కింద రాయనా, రేవు కింద రాయనా?"

సన్యాసి ఆలోచించాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"రెండిటికీ మధ్యలో రాయి బాబూ."

సత్యేంద్ర ఫారం ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.