నిజం చెప్పిన ముల్లు

శనివారం పొద్దున్నే డెస్మండ్ కటానక్ తన కారు కింద దూరాడు. మధ్యాహ్నం కూతురు బ్రాన్‌విన్ పెళ్లి. పెళ్లికూతురు చర్చికి వెళ్లాల్సింది ఆ కారులోనే. డెస్మండ్ వాళ్ల నాన్న కొన్న పాత కారది. కౌరా ఊళ్లో దాన్ని ఎరగనివాళ్లు లేరు. దానికున్న లోపం ఒక్కటే, పెట్రోలు మీటరు శుద్ధ అబద్ధాలకోరు. ట్యాంకు సగం నిండి ఉన్నా ముల్లు ఖాళీ మీదే కునుకు తీస్తుంది.

"ఇవాళే దొరికిందా ముహూర్తం?" జుట్టుకు రోలర్లు చుట్టుకున్న భార్య నోరీన్ వంటింటి కిటికీలోంచి అరిచింది.

"అరగంట పని! ట్యాంకులో తేలే బెండు ఉంటుంది చూడు, మీటరుకు కొలత పంపే ఆ సెండర్ పీకేసి కొత్తది బిగించడమే. అమ్మాయి పెళ్లినాడైనా ఈ కారు నిజం చెప్పొద్దూ?"

సెండర్ ట్యాంకు పక్కభాగాన ఉంటుంది, ట్యాంకు నిండుగా ఉంటే విప్పగానే పెట్రోలు బయటికి దూకుతుంది. అందుకే వారమంతా ఊరు తిరిగి తిరిగి పెట్రోలు అడుగంటించాడు. ఆ ధైర్యంతోనే చివరి స్క్రూ ఊడదీశాడు. పెట్రోలు ఒక్క ఉదుటున మోచేతి మీదుగా చంకలోకి దూకింది. అరచేత్తో కన్నం మూసి, "నోరీన్! గిన్నె! ఏదో ఒకటి!" అని కేక పెట్టాడు.

ఆవిడ చేతికందిన గాజుగిన్నె పట్టుకొచ్చింది. విందులో పానకం కలపడానికి పక్కింటి ఎడ్వినా ఎరువిచ్చిన గిన్నె అది.

"ఇంత పెట్రోలు ఎక్కణ్ణించొచ్చింది?" అన్నాడు డెస్మండ్.

"నిన్న నేనే నింపించా. ముల్లు ఖాళీ చూపించింది."

"దాని మాట నమ్మావా?"

"రోజూ నమ్మను. పెళ్లి కదా అని నమ్మా."

గిన్నె కోసం తొంగిచూసిన ఎడ్వినాకు గిన్నె కనబడలేదు, వాసన తగిలింది. వెంటనే ఫైర్ స్టేషన్‌కు ఫోను చేసింది. గంట మోగించుకుంటూ ఫైరింజను దిగింది. దాని నాయకుడు క్లారీ, డెస్మండ్ చిన్ననాటి నేస్తం.

"ఒరే, కూతుర్ని సాగనంపమంటే ఇల్లే సాగనంపుతున్నావేంట్రా?" అంటూ కారినదే కాక ట్యాంకులోని పెట్రోలు కూడా డబ్బాల్లోకి పట్టించి, వాకిలి కడిగించి, డబ్బాలు తనతో పట్టుకుపోయాడు.

డెస్మండ్ కొత్త సెండర్ బిగించి, రెండుసార్లు స్నానం చేసి, సీసాడు సెంటు కుమ్మరించుకుని సూటు తొడిగాడు. తెల్లగౌను సర్దుకుని వెనక సీట్లో కూర్చున్న బ్రాన్‌విన్ ముందుకు వంగి చూసింది.

"నాన్నా, ముల్లు ఖాళీ అంటోంది."

"ఖాళీ అంటే సగం ఉన్నట్టమ్మా."

"కొత్తది పెట్టావుగా?"

"కొత్తదైతే మాత్రం? ఈ కారుదేగా!"

పక్కసీట్లోని నోరీన్ కూడా తలూపింది. "ఎప్పుడూ అంతే అంటుంది. పోనీ!"

చర్చి ఇంకా కనబడకముందే ఎత్తురోడ్డు మీద కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు ఖాళీ మీద నిబ్బరంగా నిలబడి ఉంది. డెస్మండ్ వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక స్టీరింగు మీదికి వంగి కళ్లొత్తుకున్నాడు.

"నాన్నా, ఏడవకు. సెంటు నా కళ్లక్కూడా తగుల్తోంది," అంది బ్రాన్‌విన్. తర్వాత పకపకా నవ్వి, క్లారీకి ఫోను చేసింది.

ఫైరింజను ఎక్కి, గంట మోగించుకుంటూ వచ్చిన పెళ్లికూతుర్ని చూసి చర్చి ముందు జనమంతా ఈలలు వేశారు. పెళ్లికొడుకు మాత్రం పాలిపోయిన ముఖంతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ? ఎక్కడైనా అంటుకుందా?"

"అంటుకోవాలన్నా పెట్రోలుండాలిగా బాబూ," అంది నోరీన్.