దాకలో దారుణం

"ఆంధ్రదేశంలో మెదడున్న డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు. రెండోవాడు ఇంకా పుట్టలేదు!" అని ప్రకటించాడు గోపాలకృష్ణమూర్తి, వాన చుక్క లేకపోయినా విప్పని రెయిన్‌కోటులో చెమటలు కక్కుతూ. నిడదవోలు బజార్లో వాళ్ళ నాన్నగారి ఫ్యాన్సీ షాపులో గాజులమ్మడం అతని వృత్తి. నేర పరిశోధన అతని జబ్బు.

స్నేహితుడు అప్పాజీ దాకలోకి దిగులుగా చూస్తున్నాడు. రైసుమిల్లు గుమస్తా, పాపం. సాయంత్రం మిల్లు నుంచి వస్తూ శీలావతి చేప ముక్కలు తెచ్చుకుని, కిరసనాయిలు స్టవ్ మీద ఒకే దాకలో ఉల్లిపాయ, వంకాయ, ములక్కాడ మగ్గించి, చింతపండు పులుసు పోసి, చేపముక్కలు పరిచి, ఉడుకు పట్టగానే మంట తగ్గించి నూతి దగ్గర స్నానానికి పోతాడు. తిరిగొచ్చేసరికి కూర తయారు. బ్రహ్మచారికి అంతకన్నా ఏం కావాలి? కానీ వారం రోజులుగా ముక్కన్నది దొరకడం లేదు. పులుసంతా పిండిపిండై ముళ్ళు తేలుతున్నాయి.

"నిలవ చేపేమోరా," అన్నాడు అప్పాజీ.

"కాదు! హత్య!"

"చేప చచ్చే వచ్చింది కదరా."

"అయితే రెండో హత్య! నేను ఇక్కడ కాపలా ఉండగానే జరిగిందంటే హంతకుడు సామాన్యుడు కాడు."

కాపలా అంటే కాపలాయే. ఉల్లిపాయకే తలుపులేసుకునే ఇంట్లో పుట్టిన గోపాలకృష్ణమూర్తి, అప్పాజీ పుణ్యమా అని ఈమధ్యే జలపుష్పాల రుచి మరిగి, రోజూ దీపాలవేళకి ఠంచనుగా వాలిపోతున్నాడు.

"హంతకురాలు మీ ఇల్లుగలావిడ మాణిక్యాంబ. పెరటి తాళం ఆవిడ దగ్గరుంది. పైగా ఆవిడ గుమ్మంలో చేప పొలుసు దొరికింది!"

"ఈ ఊళ్ళో చేప పొలుసు లేని గుమ్మం మీదొక్కటేరా!"

అప్పాజీకి వచ్చే మాఘంలో పెళ్ళి. నూతి వసతున్న ఈ వాటా కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. ఆవిడకి కోపమొస్తే కొత్త పెళ్ళాన్ని మిల్లులో ధాన్యం బస్తాల మీద కాపురం పెట్టాలి.

"నీ కాళ్ళు పట్టుకుంటాన్రా, ఆవిడ జోలికెళ్ళకు," అని బతిమాలాడు.

వింటేగా! మర్నాడు సాయంత్రం అప్పాజీ స్నానం చేసి తువ్వాలుతో వచ్చేసరికి వంటింట్లో మాణిక్యాంబగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. స్టవ్ పక్కన గోపాలకృష్ణమూర్తి ఉపన్యాసం దంచుతున్నాడు.

"మీరు పెరటి తలుపు తీశారు! పిల్లిలా వచ్చారు!"

"నేను మీ దాకలో చెయ్యి పెట్టానంటావా? ఏమయ్యా అప్పాజీ, ఇందుకేనా నీకు వాటా ఇచ్చింది? రేపు పొద్దున్నే సామాన్లు సర్దుకో!"

"అమ్మగారూ, వాడి మాటలు పట్టించుకోకండి..." అంటూ అప్పాజీ పరిగెత్తుకొచ్చాడు.

"ఉండరా! హంతకుడు ఇక్కడే నిలబడ్డాడు!" అని గర్జించాడు గోపాలకృష్ణమూర్తి. పులుసు కుతకుతమంది. ఆవేశం ఆవేశమే, అలవాటు అలవాటే. ఒక చెయ్యి మాణిక్యాంబగారి మీదికి చూపిస్తూనే రెండో చేత్తో గరిట తీసి, దాకలో అడుగుదాకా దింపి గిరగిరా కలిపేశాడు.

"అయ్యో అయ్యో! చేపల పులుసులో గరిటేంటయ్యా!" అని కేక పెట్టారు మాణిక్యాంబగారు.

"కలపకపోతే అడుగంటదాండీ? మా ఇంట్లో పప్పు ఇలాగే కలుపుతారు. వీడికి శ్రద్ధ లేదండి, స్టవ్ మీద పడేసి స్నానానికి పోతాడు. రోజూ నేనే కలిపి పెడుతున్నా."

అప్పాజీ చేతిలోని సబ్బుపెట్టె జారి కిందపడింది.

మాణిక్యాంబగారు ముందు నోరు తెరిచారు. తర్వాత పైట చెంగు అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకు నవ్వారు. మసిగుడ్డతో దాక అంచులు పట్టుకుని మెల్లిగా ఒక తిప్పు తిప్పారు. "ఇలా తిప్పాలి నాయనా. గరిట పెడితే ముక్క బతుకుతుందా? అప్పాజీ, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. కోడలుపిల్లని ఇక్కడికే తీసుకురా. ఈ అబ్బాయిని మాత్రం వంటింటి గడప తొక్కనివ్వకు."

అప్పాజీకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు.

గోపాలకృష్ణమూర్తి రెయిన్‌కోటు కాలరెత్తుకున్నాడు. "చూశావురా? ఎంతటి గడుసు హంతకుడైనా నా కళ్ళు కప్పలేడు! ఫీజు కింద తల ముక్క నాకెయ్యి."

"ముక్కెక్కడిదిరా? ఇప్పుడేగా చంపావు."

"సరే అయితే," అంటూ పీట వాల్చుకుని కంచం ముందుకు జరిపాడు డిటెక్టివు, "శవపరీక్ష కూడా నేనే చేస్తాను. అన్నం కాస్త ఎక్కువ వడ్డించు."