బాలింత గదిలో చలి తనిఖీ

నిప్పుని కనిపెట్టిందెవరో ఏ శాస్త్రంలోనూ లేదు గానీ, అద్దె ఇంట్లో నిప్పు రాజేసుకోవడానికి అనుమతి కావాలని కనిపెట్టిన మహానుభావుడు మాత్రం కోనసీమలోనే పుట్టేడు. కుంపెనీ సర్కారువారి రోజులవి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నాలుగైదేళ్ళయింది. నీళ్ళకి లాకులొచ్చాయి గనక నిప్పుకీ ఏదో ఒకటి ఉండాలని అమలాపురంలో ఓ నిప్పుల కచ్చేరీ వెలిసింది. దానికో నిప్పుల మునసబు, ఆయనకో బంట్రోతు, బంట్రోతుకో తలపాగా. (నిప్పంటుకుంటే ఆర్పడానికి ఎవరూ లేరు. అది నీళ్ళవాళ్ళ పని.)

సరిగ్గా ఆ మార్గశిరంలో వీరవేణి కూతురు చిట్టెమ్మ ఆడపిల్లని కంది. కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ ఏడో నెల్లో తీసుకెళ్దామంటే గోదారి పోటు మీదుంది, తొమ్మిదో నెల్లో కదపకూడదన్నారు. దాంతో పుట్టిల్లే ఆత్రేయపురంలో పడవెక్కి, అల్లుడు కొండలరావు అమలాపురంలో అద్దెకుంటున్న తాటాకింటికి వచ్చేసింది. పురిటి గదికి ఉన్నది ఒక్క మట్టి కుంపటి, అదీ ఇంటితోపాటు అద్దెకొచ్చిందే. పిల్ల పుట్టిన మర్నాడు అది నిలువునా పగిలింది.

"కొత్తది తెచ్చుకుంటాం బాబూ," అంది వీరవేణి, ఇల్లు అద్దెకిచ్చిన మాణిక్యాలరావుతో.

"తెచ్చుకోండమ్మా, ఎవరొద్దన్నారు? పాతదానికి అనుమతుందండి, కొత్తదానికి లేదు కదండీ. అనుమతి లేని నిప్పు గదిలో కనపడిందంటే ఇల్లు ఖాళీ చేసెయ్యాలండి. తాటాకు కప్పండి మరి."

కొండలరావు తాసీల్దారు దగ్గర గుమాస్తా. కచ్చేరీలంటే దేవుడికన్నా ఎక్కువ భక్తి. తలగుడ్డ చుట్టుకుని నిప్పుల కచ్చేరీకి వెళ్ళేడు. మునసబు భీమరాజుగారు శ్రద్ధగా విన్నారు.

"ఏ కుంపటి పెడదామని?"

"మట్టిదేనండి."

"మట్టిది పగులుద్ది. పగిలిందని నువ్వే చెప్పేవు. పగిలేదాంట్లో నిప్పుకి అనుమతి ఎలా ఇస్తామయ్యా?"

"పోనీ ఇనపదండి."

"ఇనపది బరువు. బరువైంది కదలదు. కదలనిది ఇంట్లో భాగం. ఇంట్లో భాగం మార్చే హక్కు అద్దెకున్నవాడికి లేదు."

"ఇత్తడిదైతేనండి?"

"ఇత్తడిది హోదా ఉన్నవాళ్ళకి." (అలాంటిది తాలూకా మొత్తానికి ఒక్కటే ఉంది. ఆ క్షణాన అది ఆయన కాళ్ళ దగ్గర కణకణలాడుతోంది.)

ఇటుక కాచి గుడ్డలో చుట్టి బాలింత పక్కన పెట్టుకోవచ్చా అని కూడా అడిగేడు కొండలరావు. ఇటుకంటే గోడ తాలూకు వస్తువనీ, దాన్ని కాలిస్తే ఇల్లు తగలబెట్టినట్టే లెక్కనీ తేలింది. అసలు గదిలో చలి ఉందో లేదో ముందు అధికారి స్వయంగా తేల్చాలనీ, కుంపటి సంగతి ఆ తర్వాతేననీ చెప్పి పంపేరు.

ఇంటి దగ్గర వీరవేణి పసిదాని అరికాళ్ళు తన బుగ్గకి ఆనించుకుని కూచుంది. చేపపిల్లల్లా చల్లగా ఉన్నాయి. పాలు తాగే ఓపిక తగ్గిపోయింది.

"ఏడవట్లేదే అమ్మా," అంది చిట్టెమ్మ నీరసంగా.

పిల్ల ఏడవట్లేదంటే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు. వీరవేణి మాత్రం పిల్లని గుండెకి హత్తుకుని, ఒళ్ళంతా కొంగు చుట్టేసింది.

మర్నాడు పొద్దున్నే భీమరాజుగారు శాలువా కప్పుకుని వచ్చేరు. వెనకాల బంట్రోతు ఆ ఇత్తడి కుంపటి మోసుకొచ్చేడు. అధికారి వణుకుతూ చూస్తే తనిఖీ చెల్లదట. పురిటి గదిలోకి మగవాళ్ళు రాకూడదు గనక ఆయన గడప బయట పీట మీద కూచున్నారు.

"బయట గాలండీ అయ్యగారూ, నిప్పు చల్లారిపోద్ది. కుంపటిని గడప లోపల పెట్టించండి, సెగ తమరికే తగుల్తాదండి," అంది వీరవేణి.

(ఎవరికి తగుల్తుందో ఆవిడకి తెలుసు.)

కాసేపటికి గది వెచ్చబడింది. ఒళ్ళో పిల్ల కదిలింది, మూతి ముడిచింది, తాటాకు కప్పు లేచిపోయేలా ఏడుపు అందుకుంది. వీరవేణి కళ్ళొత్తుకుంది.

"పొగండి," అంది.

"చలేం కనపట్టం లేదే!" అన్నారు భీమరాజుగారు.

"ఆయ్, ఇప్పుడు లేదండి. తమరు వెళ్ళేక వస్తాదండి. రేపు ఇంకా పెందలాడే వచ్చి, మరికాస్సేపు కూచుని చూడాలండి," అంటూ పూతరేకులు ఆకులో పెట్టి అందించింది.

రేకులు నోట్లో కరిగేక ఆయనకీ అనుమానం వచ్చింది. చలి దొంగలాంటిది, ఒక్కపూట కాపలాకి దొరకదు. మర్నాడూ వచ్చేరు, ఆ మర్నాడూ వచ్చేరు. రేకులయ్యేక అరిసెలు, అరిసెలయ్యేక సున్నుండలు. పిల్లకి బుగ్గలొచ్చేయి. సంగతి తెలిసి, వీధిలో కీళ్ళనొప్పుల ముసలాళ్ళూ, దగ్గు పిల్లల తల్లులూ తమ ఇళ్ళకీ తనిఖీ కావాలని అర్జీలు పెట్టేరు. పిండివంటలున్న ఇళ్ళకి ముందూ, లేనివాటికి వెనకా వెళ్ళేరు భీమరాజుగారు. వీధి చివర పాకలో గంగయ్య తాతకి గంజికే గతి లేదు. ఆయన వంతు వచ్చేసరికి ఆయనే లేడు. (అర్జీదారు హాజరు కానందువల్ల అర్జీ కొట్టేసేరు.)

పుష్యం వెళ్ళేక భీమరాజుగారు పైకి నివేదిక పంపేరు. దస్తూరీ బావుంటుందని నకలు రాసే పని కొండలరావుకే అప్పజెప్పేరు. కొండలరావు రెండుసార్లు కలం ఆపేడు, రెండుసార్లూ దులిపి మళ్ళీ రాసేడు:

"వచ్చిన అర్జీలన్నియు అబద్ధములు. ఇంటింటికిని స్వయముగా తిరిగి, ప్రతి గది యొద్దను కుంపటి ప్రక్కన కూర్చుండి పరిశీలించితిని. చలి యెచ్చటను కానరాలేదు."