కాలనీ నీళ్ళు

కంచర్లపాడులో బోరింగులు మాట్లాడడం మొదలుపెట్టిన వారానికి, వాటి వాంగ్మూలాలు నమోదు చేసుకురమ్మని జిల్లా కార్యాలయం జరీనాను పంపింది. భూగర్భజలాల నాణ్యతా పటం తయారు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఇదివరకు సీసాల్లో నీళ్ళు పట్టి ల్యాబుకు పంపి, ఫలితాల కోసం ఎదురుచూసేది. ఇప్పుడు బోరింగును అడిగితే చాలు. ల్యాబు మాటకూ దాని మాటకూ తేడా వస్తే బోరింగుకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

పెద్దబజారు బోరింగు గొంతు సవరించుకుంది. "నాలో ఫ్లోరైడు ఎక్కువమ్మా. తాగబాకండని మొత్తుకుంటన్నా. పిల్లల పళ్ళు చూడు, పెద్దోళ్ళ కాళ్ళు చూడు."

"దాని మాటలకేంలే మేడమ్," అన్నాడు సర్పంచి కోటిరెడ్డి, మోకాలు రుద్దుకుంటూ. "పటంలో ఎర్రచుక్క పడితే మా ఊరికి సంబంధాలు రావు."

మండలమంతా ఎర్రచుక్కలు పెట్టి పెట్టి జరీనాకు మనసు ఉసూరుమంటోంది. "మరి వీళ్ళు ఏ నీళ్ళు తాగాలి?" అని బోరింగునే అడిగింది.

"ఎస్సీ కాలనీలో ఉన్న బోరింగును అడుగు."

కాలనీలో అంకమ్మ బిందె నింపుకుంటోంది. "నేను బాగానే ఉన్నా. ఇన్నేళ్ళకు అడిగారు," అంది అక్కడి బోరింగు. ల్యాబు కూడా అదే చెప్పింది. జరీనా సంతోషంగా మండలంలో మొదటి నీలిచుక్క పెట్టింది.

ఆ నీటిని పెద్దబజారుకు బదిలీ చెయ్యాలని పంచాయతీ తీర్మానించింది. కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. జరీనా దాన్ని బోరింగుకు చదివి వినిపించింది.

"నేను రాను. వాళ్ళనే రమ్మను," అంది బోరింగు.

మర్నాడు సర్పంచి తల్లి సుబ్బరావమ్మ, పళ్ళు గారపట్టిన మనవరాలిని వెంటబెట్టుకుని బిందెతో వచ్చింది.

"లైన్లో నిలబడు పెద్దమ్మా," అంది అంకమ్మ.

ఆమె నిలబడింది. వారం తిరిగేసరికి లైను పెద్దబజారు దాకా సాగింది.

అచ్చయి వచ్చిన పటంలో నీలిచుక్క పక్కన ఊరి పేరే ఉంది.

"మా కాలనీ పేరేదమ్మా?" అంది అంకమ్మ.

తను రాసిన ఆ పేరును పై అధికారులు కొట్టేశారని జరీనా చెప్పలేకపోయింది. పిల్లలు మంచినీళ్ళు తాగుతున్నారు కదా అని సరిపెట్టుకుంది.

బోరింగు మాత్రం సరిపెట్టుకోలేదు. ఆ రోజు నుంచి ప్రతి బిందెకూ ముందుగా, "ఇయ్యి కాలనీ నీళ్ళు," అని చెప్పసాగింది.

"తెలుసులే," అని తల దించుకుని, అందరూ నిండా పట్టుకుపోతున్నారు.